చివరి మడికి వంతు నీళ్ళు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు ఫోన్ చేసి, "మీరు ఇంజనీరు కదా, సాగర్ కాలువల గురించి మాట్లాడండి" అన్నారు. సరే అన్నాను. కాలువల గురించే మాట్లాడతాను. కాకపోతే ఆ నీళ్ళు కాస్త వేరే మడికి మళ్ళిస్తాను. మధ్యలో ఎవరికైనా నిద్రొస్తే తప్పు నాది, భోజనానిది కాదు.

ఈ సభ కోసం మా బ్యాచ్ వాళ్ళ ఫోన్ నంబర్లు సేకరించే పని నాకు అప్పజెప్పారు. మేం 1984లో పదో తరగతి పాసయ్యాం. మగపిల్లల నంబర్లు వారం రోజుల్లో దొరికాయి. ఆడపిల్లల నంబర్లకు మూడు నెలలు పట్టింది. ఇంటిపేర్లు మారాయి, ఊళ్ళు మారాయి. చివరికి కొందరి నంబర్లు దొరికాక చూస్తే, మా ఫోన్లలో వాళ్ళు ఎలా ఉన్నారో తెలుసా? "ఫలానా వాళ్ళ అమ్మ", "ఫలానా మేడమ్". సొంత పేరుతో ఉన్నవాళ్ళు తక్కువ.

వాళ్ళెవరో మీకు గుర్తు చేస్తాను. మన గోడపత్రికలో సగం రాతలు వాళ్ళవే. ఆగస్టు పదిహేనుకు పాట పాడేది వాళ్ళే. సైన్సు రికార్డులో మా బొమ్మలు కూడా వాళ్ళ చేతే వేయించుకున్నాం, ఇప్పుడు మాస్టార్ల ముందు ఒప్పుకుంటున్నాను. నలభై ఏళ్ళ తర్వాత ఫోన్ చేసి "ఇంకా పాడుతున్నావా అమ్మా?" అని అడిగితే, ఒకావిడ నవ్వి, "పిల్లలు పుట్టాక ఎక్కడ అన్నయ్యా!" అంది. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

మన గుంటూరు జిల్లా కొలకలూరులో పుట్టిన పి. సత్యవతి గారు 1990లో "ఇల్లలకగానే" అనే కథ రాశారు. అందులో ఒక ఇల్లాలు ఇల్లు అలికి అలికి తన పేరే మర్చిపోతుంది. భర్తను అడిగినా, పిల్లల్ని అడిగినా ఆ పేరు దొరకదు. చివరికి ఆమెను పేరు పెట్టి పిలిచేది ఎవరో తెలుసా? చిన్ననాటి స్నేహితురాలు. నువ్వు బాగా చదివేదానివి, పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తు చేసేది ఆమే. అంటే మనలాంటి వాళ్ళే. పూర్వ విద్యార్థుల సంఘం ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ఆ కథ చదవమంటాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా ఆవిడ అనుమతితోనే చెబుతున్నాను.

పెళ్ళికి ముందు ఆమె కథలు రాసేది. రెండు అచ్చయ్యాయి కూడా. పెళ్ళయ్యాక ఒకటి రాసింది. తర్వాత పాప పుట్టింది, మరో మూడేళ్ళకు బాబు. నేను కాలువ పనుల మీద క్యాంపుల్లో ఉండేవాణ్ణి. ఒక ఆదివారం ఆమె, "వారానికి రెండు గంటలు పిల్లల్ని మీరు చూస్తే నేను కాస్త రాసుకుంటాను" అంది. నేను పేపరు మీంచి తల ఎత్తకుండా, "రాసుకో, ఎవరు వద్దన్నారు?" అన్నాను.

అది చాలా ఉదారమైన మాట అనుకున్నాను అప్పుడు. నిజానికి ఆమె అడిగింది అనుమతి కాదు, రెండు గంటలు. అనుమతి ఇవ్వడానికి నాకు ఖర్చేం లేదు. రెండు గంటలకు ఉంది. అందుకే ఖర్చులేనిది ఇచ్చి ఊరుకున్నాను.

పోయిన ఏడాది ఇల్లు మారుతుంటే పాత నోటుపుస్తకం ఒకటి దొరికింది. మొదటి ఆరు పేజీలు కథ. ఏడో పేజీలో ఒక వాక్యం సగంలో ఆగింది. దాని కిందనే పాల లెక్క మొదలైంది. ఆ తర్వాత చివరిదాకా పాల లెక్క, చాకలి పద్దు, పిల్లల టీకాల తేదీలు. ఆ పుస్తకం పట్టుకుని అట్టపెట్టెల మధ్య చాలాసేపు కూర్చున్నాను.

ఇక కాలువ సంగతి. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. మన వైపు వచ్చేది కుడి కాలువ, జవహర్ కాలువ. పెద్ద కాలువ నుంచి మేజరుకు, మేజరు నుంచి మైనరుకు, అక్కడి నుంచి తూముల ద్వారా బోదెలకు నీళ్ళు వెళ్తాయి. ఇక్కడున్న రైతులందరికీ తెలిసిన బాధ ఒకటుంది. చివరి మడికి నీళ్ళు అందవు. చివరి రైతుకు నీళ్ళు ఇవ్వకూడదని ఎవరూ అనరు. పై రైతుల్లో దుర్మార్గులు కూడా ఎవరూ లేరు. ప్రతివాడూ తన చేను తడిసేదాకా కాస్త ఎక్కువసేపు పెట్టుకుంటాడు, అంతే. అందరూ మంచివాళ్ళే, చివరి మడి మాత్రం ఎండుతుంది.

ఇంట్లో అమ్మ సమయం కూడా ఆ బోదె లాంటిదే. పిల్లలు, భర్త, అత్తమామలు, ఉద్యోగం, చుట్టాలు వరసగా తడుపుకుంటారు. ఆమె పాట, ఆమె రాత, ఆమె బొమ్మ చివరి మడిలో ఉంటాయి. "మిగిలితే రాసుకుంటాను" అంటుంది. మిగలదు. మిగిలేదాకా ఆగితే చివరి మడికి ఎప్పుడూ నీళ్ళు రావని మా ఇంజనీర్లకు తెలుసు. అందుకే వంతులు పెడతాం. ఫలానా రోజు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా పై తూములు మూసి కిందికి వదులుతాం. వంతు అంటే దయ కాదు, లెక్క.

వంతు మనకు కొత్తా? మన ఊళ్ళల్లో నాట్లకు, కలుపుకు బదులు పనికి వెళ్ళేవాళ్ళు. ఈరోజు మా చేలో నువ్వు, రేపు మీ చేలో నేను. మిరపకాయ కోతలకు వెళ్ళే తల్లులు చెట్టుకొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టేవాళ్ళు. ఒక ముసలమ్మ కూర్చుని అందరి పిల్లల్నీ ఊపేది. వేసవిలో అప్పడాలు, వడియాలు, ఆవకాయ నలుగురూ కలిసే పెట్టేవాళ్ళు. పనికి చేయీ చేయీ కలిపాం. కానీ పాటకు, రాతకు కలపలేదు. అది పని కాదు, సరదా అనుకున్నాం.

కలిపిన వాళ్ళు లేకపోలేదు. భండారు అచ్చమాంబ గారు 1874లో పుట్టారు. బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి చదువు పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నారు. కన్న పిల్లలు చిన్నతనంలోనే పోతే, ఆ దుఃఖంలో అనాథ పిల్లల్ని చేరదీశారు. "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాశారు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టారు. ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే, 1905లో పోయారు. అంత కొద్ది ఆయుష్షులోనూ ఆమె తాను రాయడంతో ఆగలేదు, స్త్రీలు కూర్చునే చోటు కూడా ఏర్పాటు చేశారు.

బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు ఒక చేత్తో "గృహలక్ష్మి" పత్రికలో శారద లేఖలు రాశారు, మరో చేత్తో 1931లో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించారు. సినిమా వైపు చూస్తే భానుమతి గారున్నారు. భర్త రామకృష్ణారావు గారు, ఆమె కలిసి కొడుకు భరణి పేరు మీదే చిత్ర సంస్థ పెట్టారు. 1953లో ఆమె "చండీరాణి"కి దర్శకత్వం వహించారు. నటన, పాట, దర్శకత్వం చాలక "అత్తగారి కథలు" కూడా రాశారు. "ఆవిడ గొప్పావిడ, మన ఆడవాళ్ళకెక్కడ సాధ్యం" అంటారు మీరు. గొప్పావిడే. కానీ పక్కన ఎవరున్నారో కూడా చూడండి. పక్కన మనిషి లేక ఆగిపోయిన గొప్పవాళ్ళు ఎందరో మనకెలా తెలుస్తుంది? వాళ్ళ నోటుపుస్తకాల్లో పాల లెక్కలున్నాయి.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది, బొమ్మలు వేస్తుంది. రెండేళ్ళ క్రితం పాప పుట్టింది. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసే గది ఉండాలన్నారు. మంచిదే. కానీ ఆ సెలవు బిడ్డ కోసం, ఆ గది ఉద్యోగం కోసం. బొమ్మ కోసం ఏ చట్టమూ సమయం ఇవ్వదు.

వాళ్ళ అపార్ట్‌మెంటులో నలుగురు తల్లులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. శనివారం ఉదయం మూడు గంటలు పిల్లలందరూ ఒకరి ఇంట్లో. మిగతా ముగ్గురికీ తీరిక. మళ్ళీ వారం ఇంకొకరి వంతు. ఒకావిడ వీణ సాధన చేస్తుంది. ఒకావిడ పిహెచ్‌డి రాస్తోంది. ఒకావిడ హాయిగా నిద్రపోతుంది. మొదట్లో నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. "నిద్ర కూడా ఆవిడదే కదా" అంది. అబ్బూరి ఛాయాదేవి గారి "సుఖాంతం" కథ నాచేత చదివించింది. జీవితమంతా కంటినిండా నిద్ర దొరకని స్త్రీ కథ అది. తర్వాత నేనూ నవ్వడం మానేశాను.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. ఒక పిల్లకు జ్వరం వస్తే నెల రోజులు వంతు తప్పింది. ఒకావిడ అత్తగారు "పిల్లను పరాయింట్లో వదిలి వీణ ఏంటి?" అన్నారు. మా అమ్మాయే మొదటి రెండు శనివారాలు కుంచె పట్టుకుని, పాప ఏడుస్తుందేమోనని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇప్పుడు మా అల్లుడు ఒక వంతు తీసుకున్నాడు. నేను హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక వంతు నాది. యాభై ఆరేళ్ళ వయసులో పిల్లల బట్టలు మార్చడం నేర్చుకున్నాను. నా పిల్లలకు చేయని పని అది. నలుగురు పసివాళ్ళను మూడు గంటలు చూశాక తెలిసింది, మా ఆవిడ రెండు గంటలు ఎందుకు అడిగిందో.

నా వంతు ఉన్న శనివారాల్లో ఆవిడ ఆ పాత నోటుపుస్తకం తీసింది. సగంలో ఆగిన వాక్యం పూర్తయింది. కథ ఇంకా కాలేదు. నన్ను చదవనివ్వడం లేదు. అది కూడా న్యాయమే.

ఇక సంఘానికి నా విన్నపం. మనం ఈ పండగకు ఆర్చీలు కట్టాం, జ్ఞాపికలు ఇచ్చాం. సంతోషం. మన బడిలో ఆదివారం గదులు ఖాళీగా ఉంటాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో నెలకు రెండు ఆదివారాలు, మూడేసి గంటలు రెండు గదులు అడుగుదాం. ఒక గదిలో పిల్లలు, ఒక గదిలో తల్లులు. పిల్లల గదికి వంతులు వేసుకునేది మనం, ముఖ్యంగా మగవాళ్ళం. తల్లుల గదిలో ఎవరేం చేస్తున్నారని అడగొద్దు. పాడుకోనివ్వండి, రాసుకోనివ్వండి, ముగ్గుల పుస్తకం వేసుకోనివ్వండి, ఊరికే కూర్చోనివ్వండి. కూలికి వెళ్ళే తల్లికి కూడా ఆ తలుపు తెరిచే ఉండాలి. ఆమె ఇక్కడ చదివిందా లేదా అని చూడొద్దు. డబ్బు ప్రసక్తి వద్దు. వంతుల పట్టిక మాత్రం గోడ మీద అంటించాలి. రాయని వంతు నిలవదని కాలువ గట్టు మీద నేర్చుకున్నాను. మొదటి నెల వంతు నా పేరున రాసుకోండి.

ఇంకో చిన్న పని. సంఘం రిజిస్టరులో మన అక్కచెల్లెళ్ళ పేర్లు బడిలో హాజరు పిలిచినట్టు రాయండి. "ఫలానా వారి భార్య" అని వద్దు. మాస్టారు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అని లేచిన పేర్లు అవి.

పైన ఉన్నవాళ్ళం కాసేపు తూము మూద్దాం. చివరి మడి తడుస్తుంది.