మానని పుండు – ఆరోగ్య బీమా

మధుమేహం ముదిరినవారి అరికాలిలో ముల్లు విరిగినా తెలియదు. నరాలు మొద్దుబారి నొప్పి నశిస్తుంది. నొప్పి లేని పుండును ఎవరు పట్టించుకుంటారు? మా మేనమామగారికి చెప్పు కరచిన చోట లేచిన పొక్కు నాలుగు నెలలైనా మానలేదు. రోజు విడిచి రోజు వైద్యశాలకు వెళ్ళి కట్టు మార్పించుకొని వచ్చేవారు. పదేళ్ళనాటి ఆరోగ్య బీమా పత్రం బీరువాలో ఉన్నది కనుక ఖర్చును గురించిన దిగులు లేకపోయింది. తీరా రసీదులన్నీ పంపితే బీమా సంస్థవారు ఒక్క పైసా ఇవ్వలేదు.

ఇది అన్యాయమని ఇంటిల్లపాదీ అనుకున్నాము. పత్రం తెరచి చదివిన తరువాత నేను ఆ మాట అనలేకపోయాను. మన దేశంలో సాధారణంగా ఈ బీమా, ఆసుపత్రిలో చేరి కనీసం 24 గంటలు ఉన్నవారికే వర్తిస్తుంది. ఒక్క పూటలో ముగిసే కొన్ని శస్త్రచికిత్సలకు మాత్రం మినహాయింపు ఉన్నది. కట్టు కట్టించుకొని ఇంటికి వచ్చేవారు బయటి రోగులు. అందుకు ప్రత్యేకమైన షరతు పత్రంలో ఉంటే తప్ప సొమ్ము రాదు. కాలు తీయడానికి డబ్బిచ్చి, కాలు నిలిపే కట్టుకు ఇవ్వని ఈ ఏర్పాటు నాకు వింతగానే తోస్తుంది.

అయితే పుండు చీము పట్టి, రోగిని ఆసుపత్రిలో చేర్చి, చచ్చిన కండను తొలగించవలసి వచ్చినదనుకోండి. అప్పుడు ఆ ఖర్చుతోపాటు, అదే జబ్బుకు ముందూ వెనుకా అయిన ఖర్చును కూడ కొంతకాలం మేరకు అడగవచ్చును. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సంజీవని పత్రంలో ఈ గడువు చేరకముందు 30 రోజులు, విడుదలైన పిమ్మట 60 రోజులు. మామయ్యగారు చివరకు ఆసుపత్రిలో చేరారు. ఒక వేలు తీసివేశారు. ఇంటికి వచ్చాక కట్లకైన రసీదులను, ఎలాగూ పనికిరావని, చించి పారవేశారు. పనికివచ్చే రసీదులు సరిగా అవే! వైద్యుని చీటీతో సహా వాటిని దాచుకోవలసినది.

మధుమేహం ఉన్న సంగతి దాచి పత్రం తీసుకోవడం మరొక పొరపాటు. దాచిన విషయం బయటపడితే అసలుకే మోసం. చెప్పి తీసుకుంటే ఆ జబ్బుకు నిరీక్షణ కాలం ఉంటుంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అది 36 నెలలకు మించరాదు. పూర్వం 48 నెలలు ఉండేది.

నిరాకరణ సబబు కాదని తోచినవారు ముందుగా సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. నెల రోజులలో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తినీయకున్నా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకోవచ్చును. మన రెండు తెలుగు రాష్ట్రాలవారికీ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

మామయ్యగారు ఇప్పుడు మధుమేహ రోగులకై కుట్టిన మెత్తని చెప్పులు తొడుగుకొని నడుస్తున్నారు. వాటి వెలను అడుగుదామని నన్ను మళ్ళీ పత్రం చూడమన్నారు. చెల్లించనక్కరలేని వస్తువుల పట్టికలో ఆ చెప్పుల పేరే ఉన్నది.