ఖైదీకైనా జవాబు చెప్పాలి

శుక్రవారం మీటింగ్‌ల నేను మాట్లాడింది, రానోళ్ల కోసం రాసి పెడుతున్న.

జైల్ల వేల మంది ఖైదీలు ఉంటరు, కాపలావాళ్లు కొద్దిమందే. అంతమందిని ఒక్క లాఠీతో అదుపుల పెట్టలేరు.

ఢిల్లీ తీహార్ జైలు సంగతి చెప్తా. 1993లో కిరణ్ బేడీ పెద్ద అధికారిగా వచ్చేనాటికి అక్కడ పట్టాల్సినదానికంటే ఎన్నో రెట్ల మంది ఉన్నరు. ఆమె ఫిర్యాదుల పెట్టె పెట్టించి వార్డు వార్డుకు తిప్పించింది. ఫిర్యాదు రాసినోనికి జవాబు పోయేది. జైలు పనులు చూసుకోవడానికి ఖైదీలతోనే పంచాయతీలు వేయించింది. చదువొచ్చిన ఖైదీలు రానోళ్లకు అక్షరాలు నేర్పిన్రు.

జైలు జైలే, శిక్ష శిక్షే. కానీ రూలు అందరికీ ఒక్కటే, నా మాట వినేటోడు ఉన్నడు అని నమ్మకం కుదిరితే ఖైదీ కూడా చెప్పినట్టు నడుచుకుంటడు.

మన క్యాంపు జైలు కాదు, మనం ఖైదీలం కాదు. అందుకే ఫోర్‌మన్లు, క్యాంపు బాసులు, నాతో సహా, ఇంకా బాగా జవాబు చెప్పాలి. సెలవు ఇవ్వలేకుంటే ఎందుకో చెప్పాలి. నీళ్లు రాకుంటే ఎప్పుడొస్తయో చెప్పాలి.

తమ్ముళ్లూ, మీరు కూడా ఫిర్యాదు కాగితం మీద రాయండి, తారీఖు వేయండి, ఫోటో తీసి పెట్టుకోండి.