అజంతా ముందు కాసేపు నిలబడండి

(సెప్టెంబర్ 27, ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా హనుమకొండలో జరిగిన గైడ్లు, టూర్ ఆపరేటర్లు, ఉపాధ్యాయుల సభలో ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారి ప్రసంగం)

    

నాకిచ్చిన అంశం 'భారతదేశంలో ప్రసిద్ధ పర్యాటక స్థలాలు'. ఉత్తరం, పడమర, తూర్పు, ఈశాన్యం, దక్షిణం, ఇలా దిక్కుకొకటి చొప్పున ఐదు చోట్ల గురించి చెబుతానని ఆహ్వాన పత్రికలో వేశారు. ఆ వరసలోనే మొదలుపెడతాను.

ఉత్తరాన తాజ్ మహల్. ఈ ఫ్లెక్సీలో నడిమధ్యన ఉన్నది అదే. ముంతాజ్ 1631లో బుర్హాన్‌పూర్‌లో కన్నుమూసింది. ఆ మరుసటి ఏడాది యమున ఒడ్డున పని మొదలైంది. తాజ్ గురించి తెలియనివాళ్లు ఈ హాల్లో లేరు కాబట్టి గైడ్లకు ఒక్క మాట చెబుతాను. జనం దూరం నుంచి గుమ్మటం చూసి, బెంచీ మీద కూర్చుని ఫోటో దిగి వచ్చేస్తారు. వాళ్లను గోడ దగ్గరికి తీసుకెళ్లండి. పాలరాతిలో పొదిగిన పువ్వును చూపించండి. ఒక్క రేకులోనే రంగు ముదురు నుంచి లేతకు దిగుతుంది. అందుకు తగిన రాళ్లను ఏరి, కోసి, అతుకు కనపడకుండా కూర్చారు. ఆ పువ్వు చూడకుండా వచ్చినవాడు తాజ్ చూడనట్టే.

పడమరన జైపూర్. సవాయి జైసింగ్ 1727లో గీత గీసి కట్టించిన నగరం. హవామహల్ ముందు ఎప్పుడూ జనమే. నేనైతే జంతర్ మంతర్‌కు పొమ్మంటాను. అక్కడి సమ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తున్న నీడ గడియారం. నీడ నిమిషానికి సుమారు ఆరు సెంటీమీటర్లు జరుగుతుంది. పిల్లలను ఐదు నిమిషాలు అక్కడ నిలబెడితే భూమి తిరగడం కళ్లారా చూస్తారు. ఏ సైన్సు పాఠం అంత బాగా చెప్పలేదు.

తూర్పున కోణార్క్. 13వ శతాబ్దంలో గంగవంశపు మొదటి నరసింహదేవుడు కట్టించిన సూర్యరథం, ఇరవై నాలుగు చక్రాలు. ఈశాన్యాన కాజీరంగా. 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. నూరేళ్లకు పూర్వం వేటగాళ్ల చేతిలో అంతరించే దశకు వచ్చిన ఒంటికొమ్ము ఖడ్గమృగాలు ఇవాళ అక్కడ రెండు వేలకు పైగా ఉన్నాయి. కాపాడాలనుకుంటే మనిషి కాపాడగలడు అనడానికి అదే సాక్ష్యం.

దక్షిణానికి హంపీ అని రాసుకొచ్చాను. అయితే సభ మొదలుకాక ముందు, ఈ కుర్చీల మీద పెట్టిన కరపత్రాల్లో ఒకటి తీసి చదివాను. షిర్డీ, శని శింగణాపూర్, ఎల్లోరా, అజంతా, త్ర్యంబకేశ్వరం అన్నీ మూడు రోజుల్లో. అందులో అజంతాకు ఇచ్చింది గంటన్నర! ఆ సంస్థ పేరు నేను ఎత్తను, అందరూ అలాగే వేస్తున్నారు. కానీ చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. జీవితమంతా పిల్లలకు గీత గీయడం నేర్పినవాణ్ని. అజంతాకు గంటన్నర అంటే చూసి ఊరుకోలేను. హంపీని కాసేపు పక్కన పెట్టి ఆ మాట చెప్పనివ్వండి.

బాబూ, ఆ ప్రొజెక్టర్ ఆపేయండి. అజంతా గోడ మీది పద్మపాణి బోధిసత్వుడి బొమ్మ వేద్దామని పెట్టినట్టున్నారు, వద్దు. తెర మీద వేస్తే ట్యూబ్‌లైట్ కింద మొహంలా తెల్లగా వెలిగిపోతుంది. ఆ బొమ్మను వేసినవాడు చీకట్లో, బయటి నుంచి తిరిగి వచ్చే వెలుగులో చూడటానికి వేశాడు. వెనకటికి గుహ బయట అద్దమో తెల్లబట్టో పట్టి ఎండను లోపలికి మళ్లించేవారు. ఆ వెలుగు మెల్లగా గోడ మీద పాకితే పద్మపాణి మెడలో ముత్యాలు ఒక్కొక్కటే మెరిసేవట. ఆ ఓపిక మనకు ఎక్కడిది? చేతిలో ఫోన్ టార్చ్ ఉందిగా!

అజంతా మనకు దూరం అనుకుంటారు, అదొక పొరపాటు. వాఘోరా వాగు గుర్రపు లాడంలా వంపు తిరిగిన చోట, నిటారు కొండకు తొలిచిన ముప్పై గుహలవి. తొమ్మిది, పది గుహలు శాతవాహనుల కాలంనాటివి. ఆ రాజుల పేరు మన పిల్లలు బడిలో చదువుతారు. ఒకటి, రెండు, పదహారు, పదిహేడు గుహలు క్రీస్తుశకం 5వ శతాబ్దం నాటివి, వాకాటక హరిషేణుడి కాలం. పదహారో గుహను తొలిపించినవాడు ఆయన మంత్రి వరాహదేవుడు. తర్వాత జనం వదిలేస్తే అడవి కమ్మేసింది. 1819 ఏప్రిల్ 28న పులివేటకు వచ్చిన మద్రాసు సైన్యపు అధికారి జాన్ స్మిత్ పదో గుహలోకి వెళ్లి, ఒక స్తంభం మీద బోధిసత్వుడి బొమ్మ పైనే తన పేరు, తేదీ గీశాడు. అది ఇప్పుడు మన తల కంటే పైన ఉంటుంది. అప్పుడు గుహ నిండా మట్టీ రాళ్లూ పేరుకుని ఉండేవి, ఆయన ఆ గుట్ట మీద నిలబడి గీశాడు. గోడ మీద పేరు గీకే జబ్బు కూడా అక్కణ్నుంచే మొదలైందని నా బాధ. ఇవాళ మన వేయిస్తంభాల గుడిలోనూ, వరంగల్ ఖిల్లాలోనూ ఆ జబ్బు చూస్తూనే ఉన్నాం.

ఆ తర్వాతి కథ ఈ హాల్లో ఎంతమందికి తెలుసు? 1844లో రాబర్ట్ గిల్ అనే సైనిక చిత్రకారుణ్ని ఈస్టిండియా కంపెనీ అక్కడికి పంపింది. ఏళ్ల తరబడి అడవిలో కూర్చుని గోడల మీది బొమ్మలను కాన్వాసు మీదికి ఎక్కించాడు. వాటిని లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌లో పెడితే 1866 అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ కాలిపోయాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూల్ ప్రిన్సిపాల్ జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో మళ్లీ నకళ్లు వేయించాడు. 1872 నుంచి పుష్కరం పైగా సాగింది ఆ పని. 1885లో లండన్‌లోనే మరో మంట, వాటిలోనూ చాలా బూడిదయ్యాయి. రెండుసార్లు కాలినా మూడోసారి పూనుకున్నారు. 1909 నుంచి బ్రిటిష్ చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ వెంట నందలాల్ బోస్, అసిత్ హల్దార్ లాంటి కుర్రాళ్లు వెళ్లారు. వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లలో మన హైదరాబాద్ నుంచి వెళ్లిన సయ్యద్ అహ్మద్ ఒకడు. తర్వాత ఆయనే అజంతాలో క్యూరేటర్ అయ్యాడు.

మన హైదరాబాద్ అని ఎందుకన్నానంటే, అజంతా అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. 1914లో హైదరాబాద్ పురావస్తు శాఖ ఏర్పడింది, గులాం యజ్దానీ దాని అధిపతి. ఊడి పడిపోతున్న పూతను నిలబెట్టడానికి ఆయన ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను రప్పించాడు. 1920 నుంచి రెండు చలికాలాలు వాళ్లు అక్కడ పనిచేశారు. మంచికనే పూసిన లక్క పూత కాలక్రమంలో పచ్చబడింది, దాన్ని తుడవడానికి తర్వాతివాళ్లు చాలా కష్టపడ్డారు. కానీ ఆ రోజు రాలిపోబోయే పెచ్చును నిలబెట్టింది వాళ్లే. యజ్దానీ 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాలుగా అజంతా మీద గ్రంథం వేశాడు. పాతికేళ్లు ఒక్క కొండ మీద! మనం గంటన్నర ఇస్తున్నాం.

ఇప్పుడు గోడ దగ్గరికి రండి. ఆ పని ఎలా చేశారో చెబుతాను, గైడ్లు రాసుకోండి. ముందు వరసలో అమ్మాయి రాసుకుంటోంది, బాగుంది తల్లీ. రాతిని ఉలి గాట్లతో గరుకుగా ఉంచారు, పూత పట్టడానికి. దాని మీద వరి ఊక, గడ్డిపోచలు, పేడ కలిపిన మట్టిపూత. దాని మీద ఇంకాస్త మెత్తటి పూత, ఆ పైన పల్చగా సున్నం. అది ఆరాక ఎర్ర గైరికంతో రూపురేఖ, లోపల రంగు, చివర మళ్లీ ముదురు గీత. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మట్టిరంగులే. నలుపు దీపపు మసి. నీలం ఒక్కటే దూరాన్నుంచి, అఫ్గానిస్తాన్ కొండల్లో దొరికే రాయి నుంచి వచ్చింది. మన పల్లెల్లో గోడలు మెత్తే అమ్మలకు ఆ మట్టి కలపడం ఇప్పటికీ తెలుసు. దాని మీద పద్మపాణి కనుబొమ్మ గీసిన చెయ్యి మాత్రం మళ్లీ పుట్టలేదు.

పదహారో గుహలో ఒక బొమ్మ ఉంది. బుద్ధుడి సవతి తమ్ముడు నందుడు సన్యసించాడని తెలిసి ఆయన భార్య సుందరి కూలబడింది. సేవకుడొకడు నందుడి కిరీటం తెచ్చి నిలబడ్డాడు. ఆ కిరీటమే కబురు. మన పింగళి, కాటూరి కవులు 'సౌందరనందము' రాసింది ఈ సుందరీనందుల కథనే. ఆ కావ్యాన్ని పాఠంగా చదివినవాళ్లు కూడా ఆ గోడ ముందు అర నిమిషం నిలబడి వెళ్లిపోవడం చూశాను.

నేను ఉద్యోగంలో ఉండగా పిల్లలను అక్కడికి ఎక్స్‌కర్షన్‌కు తీసుకెళ్లేవాణ్ని. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేదు. వెనక మరో బృందం లోపలికి రావాలని కావలివాళ్లు తొందరపెడుతున్నారు. చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. మెట్ల మీద కూర్చుని నోటుబుక్కులో ఒక్క చెయ్యి మాత్రమే గీసింది. 'సార్, ఆమె మొహం కంటే వేళ్లు చూడండి, వాటిలో జీవం పోయింది' అంది. వందసార్లు పుస్తకాల్లో ఆ బొమ్మ చూపించి నేను చెప్పని పాఠం అది. ఆ పిల్ల ఎక్కడుందో, ఏం చదివిందో కానీ, నా ఉద్యోగానికి దక్కిన ఫలం ఆ చెయ్యి బొమ్మ.

ఇప్పుడు బళ్లలో డ్రాయింగ్ మాస్టార్లు ఏరీ? నాలాంటివాళ్లు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటోంది. డ్రాయింగ్ పీరియడ్ లెక్కల మాస్టారికి పోయింది. ఎక్స్‌కర్షన్ వాటర్ పార్కుకు పోయింది. చెయ్యి గీత గీయడం మానేస్తే కన్ను చూడటం మానేస్తుంది. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మనం నేర్పడం మానేశాం.

సమయం అయిందని అధ్యక్షులు చీటీ పంపారు. హంపీ మిగిలిపోయింది. ఒక్క మాటలో చెబుతాను. విఠలాలయంలో రాతిరథం చూసి వెనక్కి తిరక్కండి, హజార రామాలయం గోడల చుట్టూ నడవండి, రామాయణం మొత్తం రాతిలో ఉంది. మన రామప్ప గురించి ఈ ఊళ్లో నేను చెప్పాలా? రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడికి 2021లో ప్రపంచ గుర్తింపు వచ్చింది. ఎనిమిది వందల ఏళ్లు అది అక్కడే ఉంది, చూసేవాళ్లు ఇప్పుడు బయల్దేరారు.

టూర్ ఆపరేటర్లకు నా విన్నపాలు మూడే. అజంతాకు పూర్తిగా ఒక రోజు ఇవ్వండి. సోమవారం మూసి ఉంటుంది, చూసుకుని వేయండి. ఫర్దాపూర్ దగ్గర బండి ఆపి, అక్కడి బస్సులోనే కొండ కిందికి వెళ్లాలని, లోపల ఫ్లాష్ వాడకూడదని ముందే చెప్పండి. మన ఊపిరిలోని తేమ కూడా ఆ పూతకు హాని చేస్తుంది, అందుకే లోపలికి కొద్దిమందినే పంపుతారు. ఆ సంగతి తెలిస్తే ఎవరూ విసుక్కోరు. రెండోది, అంత దూరం వెళ్లలేని బడిపిల్లలను హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి తీసుకెళ్లండి. అందరూ ఈజిప్టు మమ్మీని చూసి వచ్చేస్తారు. అక్కడే అజంతా నకళ్ల గ్యాలరీ ఉంది. సయ్యద్ అహ్మద్‌వీ, జలాలుద్దీన్ అనే మరో చిత్రకారుడివీ చేతిగీతలు ఉన్నాయి. వాటి ముందు పిల్లలను పెన్సిల్, కాగితంతో కూర్చోబెట్టండి. మూడోది, చోట్ల సంఖ్య తగ్గించండి. పదకొండు చోట్లు తిరిగినవాడికి పదకొండు పేర్లు గుర్తుంటాయి. ఒక్క చోట రోజంతా ఉన్నవాడు మళ్లీ మీ దగ్గరికే వచ్చి ఇంకో చోటికి తీసుకెళ్లమంటాడు. వ్యాపారానికీ అదే మేలు.

తాజ్ మహల్, ఆగ్రా కోట, ఎల్లోరా, అజంతా నాలుగూ ఒకే ఏడు, 1983లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. మన దేశం నుంచి మొదట చేరినవి అవే. వాటిని ఆ జాబితా నిలబెట్టలేదు. మంటల్లో కాలిన నకలును మళ్లీ గీసినవాళ్లు, పెచ్చు ఊడిపోకుండా వేలితో ఆపినవాళ్లు నిలబెట్టారు. ఆ వరసలో గైడ్లు కూడా ఉన్నారు. మీరు చూపించిందే జనం చూస్తారు, మీరు చెప్పిందే ఇంటికెళ్లి పిల్లలకు చెబుతారు. అందుకని ఒక్కొక్కరు ఒక్క బొమ్మను ఎంచుకోండి. దాని కథ, రంగు, గీత, దానికి తగిలిన దెబ్బ, దానికి చేసిన వైద్యం అన్నీ నేర్చుకోండి. వచ్చే ఏడాది ఇదే సభలో మీలో ఒకరు ఆ ఒక్క బొమ్మ మీద అరగంట మాట్లాడండి. నేను ముందు వరసలో కూర్చుని వింటాను.