సంఘం కంప్యూటరు నిండిపోతే ఏం చేయాలి?

(నర్సీపట్నంలో పాల సంఘాల కార్యదర్శులు, సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం, రోలుగుంట వైపుల నుంచి పొద్దుటి పాలు పోసి, పశువులకు మేత వేసి ఇక్కడికి వచ్చారు. అందుకని పనికొచ్చే మాట ఒక్కటే చెబుతాను. కంప్యూటరులో చోటు లేదని మన పాల లెక్కలు చెరపవద్దు. చోటు తినేది అవి కావు.

ఈ ప్రాంతపు సంఘం ఒకదానిలో జరిగిన సంగతి వినండి. సాయంత్రం పూట పాలు పోస్తుండగా "సి డ్రైవు నిండింది" అని తెర మీద పడింది. స్లిప్పు రావడం ఆగిపోయింది. బయట సభ్యులు వరుసలో ఉన్నారు. కంప్యూటరు దగ్గరున్న కుర్రవాడు తొందరలో పాతదిగా కనిపించిన ఫోల్డరొకటి తీసేశాడు. అది సభ్యుల ఖాతా. ఆ పది రోజుల బిల్లు కట్టడానికి ఇంటింటికీ తిరిగి స్లిప్పులు పోగు చేయవలసి వచ్చింది. స్లిప్పు దాచుకున్న వారికి డబ్బు సరిగా అందింది. పారేసుకున్న వారు సగటు లెక్కతో సరిపెట్టుకున్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు వందల మంది సభ్యులు, రోజుకు రెండు పూటలు. ఏడాదికి 1,46,000 వరుసలు. లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ కలిపి వరుసకు వంద అక్షరాలనుకున్నా 15 ఎం.బి. దాటదు. ప్రోగ్రాము దానికి పది రెట్లు తీసుకున్నా డిస్కులో అదొక మూల. అదే విండోస్ కొత్త వెర్షన్ వేసినప్పుడు, పాతదాన్ని "విండోస్.ఓల్డ్" అనే ఫోల్డరులో దాస్తుంది. అదొక్కటే పది, ఇరవై జి.బి. ఉండవచ్చు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుచేత కొందరు విండోస్ 11కు మారారు. దానికి కనీసం 64 జి.బి. డిస్కు ఉండాలి. పాత యంత్రంలో సి డ్రైవు చిన్నదైతే ఇరుకు తప్పదు. డి డ్రైవు ఖాళీగా ఉన్నా సి నిండిపోతుంది.

మరి శుభ్రం చేయడం ఎలా? వరుసగా చెబుతాను.

మొదటిది, పాల లెక్కల నకలు పెన్ డ్రైవులోకి తీయండి. దాన్ని కంప్యూటరు పక్కన కాక వేరే చోట ఉంచండి. ఇది కాకుండా రెండో పనికి పోవద్దు.

రెండవది, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరవండి. ఏది ఎంత చోటు తీసుకుందో అక్కడ కనిపిస్తుంది. టెంపరరీ ఫైల్స్ నొక్కితే పాత అప్‌డేట్ల మిగులు, తాత్కాలిక ఫైళ్లు, పాత విండోస్, రీసైకిల్ బిన్ విడివిడిగా వస్తాయి. కావలసిన వాటికే టిక్కు పెట్టి తీసేయండి. ఆ జాబితాలో "డౌన్‌లోడ్స్" అని కూడా ఉంటుంది. దానికి టిక్కు పెట్టవద్దు. చాలా మంది కార్యదర్శులు బిల్లులూ, రేటు చార్టులూ అందులోనే ఉంచుతారు.

మూడవది, పాత విండోస్ తీసేస్తే మళ్లీ వెనక్కి పోలేరు. కొత్తదాని మీద తూకం, పాల పరీక్ష యంత్రం, ప్రింటరు బాగా నడుస్తున్నాయని రెండు మూడు రోజులు చూసుకుని తీయండి. మీరు తీయకపోయినా మామూలుగా పది రోజులకు అదే పోతుంది.

నాలుగవది, మెషీన్ నిద్రపోయే ముందు పని దాచుకునే ఫైలు ఒకటుంది. ఎనిమిది జి.బి. మెమరీ ఉంటే అది మూడు జి.బి. దాకా తింటుంది. రోజూ పూర్తిగా ఆపే డెస్క్‌టాప్‌కు అది అవసరం లేదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సిఎఫ్‌జి అనే ఆజ్ఞతో దాన్ని ఆపవచ్చు. తెలిసినవారి చేత చేయించండి. ల్యాప్‌టాప్ అయితే వదిలేయండి.

ఇక చేయకూడనిది. సి డ్రైవులోని "విండోస్" ఫోల్డరు తెరిచి, పెద్దగా ఉందని చేత్తో ఏదీ తీయవద్దు. అందులో "విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్" అన్నది చూపుకు చాలా పెద్దది. ఒకే ఫైలు రెండు చోట్ల లెక్కకు రావడం వల్ల అలా కనిపిస్తుంది. పశువుల పాక ఊడవమంటే చెత్త తీస్తాం గాని నిట్రాట నరకం గదా! పొరపాటున ఏదైనా పోతే ముందు రీసైకిల్ బిన్ చూడండి. అక్కడ లేకపోతే యంత్రం ఆపి, తెలిసినవారిని పిలవండి. పని కొనసాగిస్తే పోయిన ఫైలు మీద కొత్తది పడుతుంది.

సభ్యులకు మనవి. బిల్లు చేతికి వచ్చేదాకా స్లిప్పులు దాచుకోండి. సర్వసభ్య సమావేశంలో "లెక్కల నకలు ఎప్పుడు తీశారు?" అని కార్యదర్శిని అడగండి. అది తప్పు పట్టడం కాదు, మీ హక్కు. కార్యదర్శులు నెలకొకసారి, బిల్లులైన మర్నాడు, డిస్కు చూసుకుంటే పాలు పోసే వేళ వరుస ఆగదు. డిస్కులో పదో వంతైనా ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

పాలు మీవి, లెక్కా మీదే. దాన్ని కాపాడుకుందాం. సెలవు.