ఆకలి తగ్గించే మందులు – మన జాగ్రత్తలు



సంబంధాలు చూస్తున్నాం, పిల్ల సన్నబడాలని ఆకలి చంపే మందుల కోసం మన కురుపాంలోనూ అడుగుతున్నారు. ఇవి డాక్టరు చీటీ లేకుండా వాడేవి కావు.

సిబుట్రమిన్ మాత్రలను ఒకప్పుడు డాక్టర్లే వ్రాసేవారు. గుండెజబ్బున్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుందని తేలి, 2011లో మన దేశంలో నిషేధించారు.

2025లో మౌంజారో, వెగోవీ సూదిమందులు వచ్చాయి. వారానికొక్కసారే. చిన్న మోతాదుతో మొదలుపెట్టి డాక్టరే పెంచాలి. వాంతులు, విరేచనాలు కలుగవచ్చు. కడుపునొప్పి తీవ్రమైతే వెంటనే ఆసుపత్రికి పోవలెను. గర్భిణులు వాడరాదు. ఇన్సులిన్ తీసుకొనేవారు, రంజాన్‌లో రోజాలుండేవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఒకరి చీటీతో ఇంకొకరు వాడవద్దు. పెళ్లివారు నాజూకుతనం చూస్తారేమో, మనం మాత్రం బిడ్డ ప్రాణం చూసుకుందాం.