ఎమ్మెస్ ఉన్నవారికి నీటి వ్యాయామం
(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పొదుపు లెక్కలు కోశాధికారి చదివేశారు. మేము ఒక్క విషయమే మాట్లాడతాం.

మన సంఘాల్లో ఇద్దరికి మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. డాక్టర్లు ఎమ్మెస్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొరను దెబ్బతీస్తుంది. కరెంటు తీగకు తొడుగు ఊడినట్టు. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, చూపు మసకేస్తుంది, నడక తూలుతుంది, పొద్దున్నే లేచేసరికి ఒళ్లు అలసిపోయి ఉంటుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. పిల్లలు, వంట, బ్యాంకు కిస్తీలు అన్నీ నెత్తిన ఉండే వయసు! పైకి బాగానే కనిపిస్తారు గనక చూసేవాళ్లు బద్ధకం అంటారు. ఆ మాట మన మీటింగుల్లో వినపడకూడదు.

ఈ జబ్బుకు వేడి పడదు. ఒళ్లు కాస్త వేడెక్కినా చూపు, కాళ్లు మొరాయిస్తాయి; చల్లబడితే సర్దుకుంటాయి. ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే దీన్ని రాశారు. అందుకే వ్యాయామం అంటే భయం. కానీ కదలకపోతే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

నీళ్లలో ఈ చిక్కు తగ్గుతుంది. రొమ్ముల లోతు నీళ్లలో పాదాల మీద పడే బరువు మూడో వంతుకు తగ్గుతుంది. తూలినా దెబ్బ తగలదు, ఒంటి వేడిని నీళ్లే లాగేస్తాయి. ఈత రానక్కర్లేదు. కమ్మీ పట్టుకుని ముందుకు, వెనక్కి, పక్కకి నడవడం, కాలెత్తి దించడం, గుంజీలు. మొదట పది నిమిషాలు చాలు. నీటి వేడి 27 నుంచి 29 డిగ్రీలుండాలి. కీళ్లనొప్పులకు వాడే వెచ్చటి నీళ్లు వీళ్లకు పనికిరావు. ఎండాకాలంలో తెల్లవారుజామునే వెళ్లాలి, థర్మామీటరు పెట్టి చూశాకే దిగాలి. చీరతో దిగితే కాళ్లకు చుట్టుకుంటుంది, బిగుతు పంజాబీ డ్రెస్సు మేలు. మూత్రం ఆపుకోలేమన్న బెరుకుతో చాలామంది రారు. ముందే బాత్రూముకి వెళ్లొస్తే సరి, ఇందులో సిగ్గేం లేదు. బయటికొచ్చేటప్పుడు బరువంతా ఒక్కసారిగా కాళ్ల మీద పడుతుంది, మెట్ల దగ్గర తోడు తప్పనిసరి. బావులు, కాలువలు వద్దే వద్దు. జబ్బు తిరగబెట్టినప్పుడు డాక్టరు చెప్పేదాకా ఆగాలి. ఇది జబ్బును నయం చేయదు, మందులు మానకూడదు.

ఇద్దరి కోసం ఇంతా అని వెనక వరుసలో గుసగుసలు వినపడుతున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ జబ్బూ ఉంది. మున్సిపల్ ఈతకొలనులో ఉదయం ఆరు నుంచి ఏడు దాకా ఆడవాళ్లకు కేటాయించాలని, మెట్లకు కమ్మీ వేయించాలని కమిషనర్ గారికి అర్జీ పెడదాం. మోకాళ్ల నొప్పులున్న అక్కలు కూడా వేరే గంటలో వాడుకోవచ్చు. ఆ ఇద్దరి ఆటో కిరాయి మన ఆరోగ్య నిధి నుంచి ఇవ్వాలని తీర్మానం పెడుతున్నాం. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. తోడు వెళ్లడానికి ఈత బాగా వచ్చినవాళ్లు ఇద్దరు కావాలి, పేర్లు ఈ రోజే మీ ఆర్పీకి రాయించండి.