115 ఏళ్లు నిలబడింది, మంటల్లో పోయింది | ఫ్లెమింగ్ ఎలివేటర్ కథ

ఎలివేటర్ అనగానే మనకి అపార్ట్‌మెంట్ లిఫ్టే గుర్తొస్తుంది కదా? ఈరోజు చెప్పేది మనుషుల్ని కాదు, గోధుమల్ని పైకెక్కించే ఎలివేటర్ గురించి.

కెనడాలోని సస్కాచెవాన్‌లో ఫ్లెమింగ్ అని చిన్న ఊరుంది. జనాభా వంద లోపే. చుట్టూ ప్రెయిరీ, అంటే కనుచూపు మేరా చదునైన నేల. అక్కడ రైలు పట్టాల పక్కన 1895లో లేక్ ఆఫ్ ది వుడ్స్ మిల్లింగ్ కంపెనీ ఒక చెక్క ఎలివేటర్ కట్టింది. అప్పటికి సస్కాచెవాన్ రాష్ట్రమే లేదు. అది ఏర్పడింది 1905లో!

ఇవి పనిచేసే పద్ధతి సింపుల్. రైతు బండి తోలుకొస్తే కాటా వేస్తారు. గింజల్ని కింద గుంతలో పోస్తారు. బకెట్లు కట్టిన బెల్టు వాటిని పైదాకా మోస్తుంది. అక్కడ గొట్టం తిప్పి, ఏ రకం గింజని ఆ గదిలోకి వదులుతారు. రైలొచ్చాక వ్యాగన్లు నింపుతారు. రైస్ మిల్లు చూసినవాళ్లకి ఈ బకెట్ల బెల్టు కొత్తేం కాదు.

నాకు బాగా నచ్చింది గోడలు. గింజల రాశి కూడా నీళ్లలాగే పక్కలకి తోస్తుంది. పల్చటి గోడైతే ఉబ్బి పగిలిపోతుంది. అందుకే చాలా ఎలివేటర్లలో చెక్కల్ని పడుకోబెట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి మేకులు కొట్టేవారు.

1930ల్లో కెనడా ప్రెయిరీల్లో ఇలాంటివి 5,700కి పైగా ఉండేవి. తర్వాత లారీలొచ్చాయి, చిన్న రైలు లైన్లు మూతపడ్డాయి, పెద్ద కాంక్రీట్ ఎలివేటర్లు లేచాయి. చెక్కవి ఒక్కొక్కటే కూల్చేశారు. ఫ్లెమింగ్‌ది మాత్రం మిగిలింది. కట్టిన చోటే నిలబడి ఉన్నవాటిలో దేశంలోకెల్లా పాతది అదే. ఊరివాళ్లు డబ్బులు పోగుచేసి రిపేర్లు కూడా మొదలుపెట్టారు.

2010 ఫిబ్రవరిలో నిప్పంటుకుంది. బాగుచేస్తున్న కట్టడం మొత్తం బూడిదైపోయింది.

జాబ్‌లో ఉన్నప్పుడు ఒకసారి బ్యాకప్ లేకుండా డేటా డిలీట్ చేశాను. రెండ్రోజులు నిద్రపట్టలేదు. అయినా డేటా మళ్లీ తయారుచేసుకోవచ్చు. ఆ చెక్కని మళ్లీ తేలేం. ఇప్పుడు ఆ ఎలివేటర్ ఫొటోల్లోనే ఉంది. అవైనా ఉన్నాయంటే, ఎవరో అది నిలబడి ఉండగానే తీశారు కాబట్టి.

మీ ఊళ్లో మూతపడ్డ పాత మిల్లు ఉందా? అక్కడ పనిచేసిన తాత ఎవరైనా ఉన్నారా? ఈ ఆదివారం వెళ్లి, ఏ మెషిన్ ఏం చేసేదో ఆయన్నే చెప్పమని ఫోన్‌లో రికార్డ్ చేయండి. కామెంట్స్‌లో ఊరి పేరు రాయండి. మళ్లీ కలుద్దాం, బై!